లెక్క ఖర్చు తక్కువ, మోత ఖర్చు ఎక్కువ

(తిరుమలగిరిలో సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



చదువు గురించి ఒక అరగంట మాట్లాడండి అని సొసైటీ వాళ్లు నన్ను పిలిచారు. చదువు గొప్పది, అందరూ చదవాలి అని చెప్పి కూర్చోవచ్చు. ఆ మాట మీకు కొత్త కాదు. నేను ముప్పై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ని. నాకు తెలిసిన సంగతి ఒకటి తీసుకుని, దాని నుంచే మన సొసైటీ పనికి వద్దామనుకున్నాను. ఆ సంగతి పేరు సిలికాన్ ఫోటోనిక్స్. పేరు విని భయపడకండి. కంప్యూటర్ లోపల కరెంటు చేసే మోత పనిని వెలుతురుతో చేయించడం, అంతే. దీనికీ మనకూ ఏమిటి సంబంధం అని మీరు అడుగుతారు. చివరికి అక్కడికే వస్తాను, ఇన్షా అల్లాహ్.

ముందు సూపర్ కంప్యూటర్ అంటే ఏమిటో చూద్దాం. అది ఒక పెద్ద కంప్యూటర్ కాదు. వేల కంప్యూటర్లను ఒక హాలులో బీరువాల్లాగా వరసగా నిలబెట్టి, తీగలతో కలిపి, ఒకే లెక్కను అందరికీ పంచి చేయించే ఏర్పాటు. ఇది మన ఇంటికి దూరమైన వస్తువు అనుకోకండి. మృగశిర కార్తె వచ్చినా వాన రాకపోతే మనం ఫోన్‌లో చూసుకునే వాతావరణ సూచన అక్కడే తయారవుతుంది. పుణెలో ‘అర్క’, నోయిడాలో ‘అరుణిక’ అనే రెండు యంత్రాలను 2024 సెప్టెంబరులో ప్రారంభించారు. వాటి బలంతో 2025 మే నెలలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కొత్త పద్ధతి వచ్చింది. అంతకుముందు దేశాన్ని 12 కిలోమీటర్ల గళ్లుగా కోసి లెక్క వేసేవారు. ఇప్పుడు 6 కిలోమీటర్ల గళ్లు. అంటే తిరుమలగిరికి ఒక లెక్క, తుంగతుర్తికి ఇంకో లెక్క. గడి సగానికి తగ్గితే లెక్క రెండింతలు కాదు. పొడవులో రెండింతలు, వెడల్పులో రెండింతలు, కాలాన్ని కూడా ఇంకా చిన్న ముక్కలుగా కోయాలి కాబట్టి అక్కడ మరో రెండింతలు. మొత్తం దాదాపు ఎనిమిదింతలు. అందుకే అంత పెద్ద యంత్రం కావాలి.

మన హైదరాబాద్‌కు కూడా ఈ కథలో చోటు ఉంది. 1980ల చివర అమెరికా నుంచి మనం కోరిన సూపర్ కంప్యూటర్ దొరకనప్పుడు, దేశంలోనే చేసుకోవాలని 1988లో పుణెలో సీడాక్ పెట్టారు. 1991లో పరమ్ 8000 వచ్చింది. అదే కాలంలో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థ కింద ‘అనురాగ్’ అనే ప్రయోగశాల ఉండేది. విమానం, క్షిపణి చుట్టూ గాలి ఎలా ప్రవహిస్తుందో లెక్కించడానికి అక్కడ ‘పేస్’ అనే కంప్యూటర్ తయారు చేశారు. అబ్దుల్ కలాం సాహెబ్ హైదరాబాద్‌లో క్షిపణి కార్యక్రమం నడిపిన రోజులవి. ఇప్పుడు సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ‘పరమ్ సేవ’ అనే సూపర్ కంప్యూటర్ ఉంది.

ఇక కరెంటు సంగతి. అమెరికాలో ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో ‘ఫ్రాంటియర్’ అనే యంత్రం ఉంది. 2022లో అది ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. ఒక్క సెకనులో ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెడితే ఎంతో అన్ని లెక్కలు చేసింది. దానికి కావలసిన కరెంటు దాదాపు 21 మెగావాట్లు. మన భాషలో చెప్తాను. ఐదు హెచ్‌పీ బోరు మోటరుకు సుమారు మూడుముప్పావు కిలోవాట్లు. అంటే 5,600 బోరు మోటర్లు ఒకేసారి నడిస్తే ఎంతో ఆ ఒక్క యంత్రం అంత. రాత్రీ పగలూ.

ఇదీ తక్కువే అని అక్కడివాళ్లు సంతోషించారు. ఎందుకంటే అంతటి యంత్రాన్ని 2008 నాటి పద్ధతులతో కడితే వందల మెగావాట్లు కావాలని అప్పట్లో లెక్క తేలింది. ఒక యంత్రం కోసం ఒక కరెంటు కేంద్రం కట్టాలన్న మాట. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చిన తర్వాత ఇంకో మెట్టు ఎక్కారు. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో గూగుల్ ప్రకటించిన కేంద్రం గిగావాట్ స్థాయిది, అంటే వెయ్యి మెగావాట్లు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది కదా. ఐదు యూనిట్లు, ఒక్కోటి 800, మొత్తం 4,000 మెగావాట్లు. ఒక్క గిగావాట్ అంటే అందులో నాలుగో వంతు. ఆ బొగ్గు, ఆ నీళ్లు, ఆ పొగ, ఆ బూడిద దగ్గరి ఊళ్లవాళ్లకు తెలుసు. కాబట్టి కంప్యూటర్ ఎంత కరెంటు తాగుతుంది అన్నది ఎక్కడో అమెరికావాళ్ల గొడవ కాదు.

సరే, ఈ కరెంటు అంతా ఎక్కడ పోతుంది? లెక్క చేయడానికి పోతుందని ఎవరైనా అనుకుంటారు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. అసలు సంగతి వేరు.

వడ్ల కాలం గుర్తు చేసుకోండి. కొనుగోలు కేంద్రంలో కాంటా వేయడానికి ఒక బస్తాకు ఎంత సేపు పడుతుంది? నిమిషం. ధర లెక్క కట్టడానికి మరో నిమిషం. మరి రైతు రోజుల తరబడి అక్కడ ఎందుకు పడుకుంటాడు? పొలం నుంచి ట్రాక్టరు కిరాయి, బస్తాలకు హమాలీ, మిల్లుకు పోవడానికి లారీ. కాంటా అయిన బస్తాలు లారీ రాక వానకు తడుస్తాయి. ఖర్చూ, ఆలస్యం అంతా మోతలో ఉంది, తూకంలో లేదు.

కంప్యూటర్ కూడా అచ్చం ఇంతే. రెండు అంకెలను గుణించడానికి చిప్పు లోపల అయ్యే శక్తి చాలా కొద్ది. ఆ రెండు అంకెలను బయటి మెమరీ నుంచి తేవడానికి దానికి ఎన్నో రెట్లు శక్తి కావాలి. పక్క బీరువాలో ఉన్న కంప్యూటర్ నుంచి తేవాలంటే ఇంకా ఎక్కువ. ఫ్రాంటియర్‌లో చిప్పులను కలిపే తీగలు 90 మైళ్లకు పైగా ఉన్నాయి. ఇక్కడి నుంచి హైదరాబాద్ పోయినా ఇంకా మిగిలేంత. ఏటేటా చిప్పుల లెక్క వేగం పెరుగుతోంది. మోత దారి అంత వేగంగా వెడల్పు కావడం లేదు. చిప్పులు పని లేక అంకెల కోసం ఎదురుచూస్తూ, ఆ ఎదురుచూపులో కూడా కరెంటు తాగుతున్నాయి.

ఇంతకాలం మోసే హమాలీ ఎవరు? రాగి తీగ. రాగి మంచిదే. దగ్గరి దూరానికి, నెమ్మది పనికి దాన్ని మించినది లేదు. వేగం పెంచితేనే దానికి కష్టం. సెకనుకు వంద కోట్లసార్లు, వేల కోట్లసార్లు సంకేతం మారుతుంటే ప్రతిసారీ ఆ తీగను నింపాలి, ఖాళీ చేయాలి. అంత వేగంలో కరెంటు తీగ లోపలికి పోకుండా పైపొరలోనే నడుస్తుంది, అడ్డంకి పెరుగుతుంది, తీగ వేడెక్కుతుంది. నేటి వేగాలకు రాగి తీగ ఒకటి రెండు మీటర్లు దాటితే సంకేతం గుర్తుపట్టలేనంత బలహీనం అవుతుంది. దాన్ని మళ్లీ లేపి నిలబెట్టడానికి మధ్యలో ఇంకో చిప్పు, దానికి ఇంకొంత కరెంటు.

వెలుతురుకు ఈ బాధ లేదు. గాజు తీగలో వెలుతురు కిలోమీటర్లు పోయినా కొద్దిగానే తగ్గుతుంది. ఇంకో మేలు ఏమిటంటే ఒకే దారిలో వేర్వేరు రంగుల వెలుతురును ఒకేసారి పంపవచ్చు. అవి ఒకదానితో ఒకటి కొట్లాడవు. ఒక్కో రంగు ఒక్కో లారీ అనుకోండి. అన్నీ ఒకే రోడ్డు మీద, ఒకేచోట, గుద్దుకోకుండా పోతాయి.

మరి ఫైబర్ మన ఊళ్లకే వచ్చింది కదా, ఇంట్లో నెట్ దాని మీదే నడుస్తోంది కదా, ఇందులో కొత్త ఏముంది అంటారా? నిజమే. సూపర్ కంప్యూటర్లలో కూడా బీరువా నుంచి బీరువాకు ఫైబర్ ఎప్పుడో వచ్చింది. అయితే ఆ ఫైబర్ బీరువా అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడ వేలెడంత పెట్టె ఒకటి వెలుతురును కరెంటుగా మారుస్తుంది. అక్కడి నుంచి చిప్పు దాకా మళ్లీ రాగే. పెద్ద రోడ్డు ఊరి పొలిమేరలో ఆగిపోయి, ఇంటి దాకా బురద బాట ఉన్నట్టు. బండి దిగబడేది ఆ చివరి జానెడు దూరంలోనే. ఆ మార్చే పెట్టె ఒక్కోటి 30 వాట్ల దాకా తింటుంది. పెద్ద కేంద్రంలో అలాంటివి లక్షల్లో ఉంటాయి.

సిలికాన్ ఫోటోనిక్స్ అంటే ఆ రోడ్డును ఇంటి గడప దాకా, కుదిరితే ఇంటి లోపలికి వేయడం. చిప్పు చేసే సిలికాన్ మీదే వెలుతురు నడిచే కాలువలు చెక్కుతారు. మన కంటికి సిలికాన్ నల్లగా, అద్దంలా మెరుస్తుంది, వెలుతురు దూరదు. కంటికి కనపడని పరారుణ కిరణాలకు మాత్రం అది గాజులాగా పారదర్శకం. అందుకే ఆ కిరణాలను వాడతారు. కాలువ వెడల్పు 500 నానోమీటర్లు, ఎత్తు 220. తల వెంట్రుక మందంలో అలాంటివి సుమారు నూటయాభై పక్కపక్కనే పడతాయి. చుట్టూ గాజు పొర. ఆ గాజు మన మూసీ ఇసుకలో ఉన్న పదార్థమే, సిలికాన్, ఆక్సిజన్ కలిసినది. సిలికాన్‌లో వెలుతురు నెమ్మదిగా నడుస్తుంది, గాజులో అంతకంటే వేగంగా నడుస్తుంది. ఈ తేడా వల్ల కాలువలో పడిన వెలుతురు గోడలకు తగిలి మళ్లీ లోపలికే మళ్లుతుంది, బయటికి పారిపోదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వెలుతురు ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థంలోకి పోయేటప్పుడు ఎంత వంగుతుందో, ఆ నియమాన్ని 984లో బాగ్దాద్‌లో ఇబ్న్ సహ్ల్ రాసి పెట్టారు. యూరప్‌లో స్నెల్ దాన్ని కనిపెట్టింది 1621లో. ఇబ్న్ సహ్ల్ తర్వాత బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైసమ్ ‘కితాబుల్ మనాజిర్’ అని ఏడు భాగాల గ్రంథం రాశారు. కంటి నుంచి కిరణాలు బయటికి పోవడం కాదు, వస్తువు నుంచి వెలుతురు కంట్లోకి రావడం వల్లనే మనం చూస్తున్నామని ప్రయోగాలతో వాదించారు. ఆ గ్రంథానికి వెయ్యేళ్లు నిండాయని గుర్తుచేసుకుంటూ 2015ను అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపారు. ‘అల్గోరిథం’ అనే మాట అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే వచ్చింది. అంటే ఇవాళ్టి యంత్రంలోని లెక్కకూ, వెలుతురుకూ, రెండింటికీ మనవాళ్లు పునాదిరాళ్లు వేశారు. ఖుర్ఆన్‌లో 24వ సూరా పేరే నూర్. అయితే చిప్పు సంగతి అంతా అందులో ముందే ఉందని నేను చెప్పను, అలా చెప్పడం గ్రంథానికి గౌరవమూ కాదు. ఆ పెద్దలు కూర్చుని ప్రయోగం చేశారు, లెక్క వేశారు, తప్పు దిద్దుకున్నారు. మనం వాళ్ల పేర్లు చెప్పుకుని ఛాతీ విరుచుకోవడం తేలిక. వాళ్లలా ప్రయోగశాలలో కూర్చునే పిల్లలను ఎంతమందిని పంపాం అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి యంత్రం సంగతి ముగిస్తాను.

కాలువలో వెలుతురు నడిచింది. దాని మీద సమాచారం ఎక్కించేది ఎట్లా? కాలువ పక్కనే ఒక చిన్న ఉంగరం చెక్కుతారు. వెంట్రుక మందం కన్నా చిన్న ఉంగరం. ఆ ఉంగరం కొలతకు సరిపడే రంగు వెలుతురు మాత్రమే అందులోకి మళ్లుతుంది, మిగతా రంగులు నేరుగా పోతాయి. ఉంగరానికి కొద్దిపాటి కరెంటు ఇస్తే ఆ సరిపోలిక తప్పుతుంది, వెలుతురు మళ్లకుండా ముందుకు పోతుంది. మళ్లితే సున్నా, పోతే ఒకటి. సెకనుకు వేల కోట్లసార్లు ఈ తలుపు తీసి మూయవచ్చు. అవతలి చివర జెర్మేనియం అనే పదార్థం ఆ వెలుతురును పట్టుకుని తిరిగి కరెంటుగా ఇస్తుంది.

ఇది కాగితం మీది ఊహ కాదు. 2015 డిసెంబరులో అమెరికాలోని ఎంఐటీ, బర్క్‌లీ, కొలరాడో విశ్వవిద్యాలయాల బృందం ఒకే చిప్పు మీద 7 కోట్ల ట్రాన్సిస్టర్లు, 850 కాంతి పరికరాలు కలిపి చూపించింది. ఆ చిప్పు తన మెమరీతో వెలుతురు ద్వారానే మాట్లాడింది. దాన్ని మామూలు చిప్పుల ఫ్యాక్టరీ పద్ధతిలోనే తయారు చేయడం అందులోని విశేషం. 2016 నుంచి ఇంటెల్ సిలికాన్ మీద చేసిన కాంతి పరికరాలను మార్కెట్‌లో అమ్మింది. 2025 మార్చిలో ఎన్విడియా కంపెనీ, ఆ వేలెడంత పెట్టెలను తీసేసి కాంతి భాగాన్ని స్విచ్చు చిప్పు పక్కనే అమర్చే పద్ధతి ప్రకటించింది. 30 వాట్లు పట్టే చోట 9 వాట్లతో పని అవుతుందని ఆ కంపెనీ లెక్క. కంపెనీ మాటను కంపెనీ మాటగానే తీసుకుందాం. సగానికి సగం తగ్గినా లక్షల పెట్టెల మీద అది ఎంత ఆదానో చూడండి.

ఇబ్బందులు కూడా చెప్పాలి. అది చెప్పకపోతే నేను సేల్స్‌మన్ అవుతాను, పంతులు కాను. మొదటిది, సిలికాన్ వెలుతురును మోస్తుంది కానీ పుట్టించలేదు. లేజర్‌ను ఇండియం ఫాస్ఫైడ్ వంటి వేరే పదార్థంతో చేసి తెచ్చి అతికించాలి. రెండోది, ఆ చిన్న ఉంగరం వేడికి కొలత తప్పుతుంది. చిప్పేమో ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. ఉంగరాన్ని సరిగ్గా ఒకే వేడిలో ఉంచడానికి పక్కన చిన్న హీటర్ పెడతారు, దానికి మళ్లీ కరెంటు. మూడోది, వెంట్రుకంత ఫైబర్‌ను దానికన్నా చిన్న కాలువకు ఎదురుగా గురి తప్పకుండా అతికించడం చాలా ఓపిక పని, ఖర్చు పని. అందుకే దగ్గరి దూరంలో రాగి ఇంకా గెలుస్తోంది. ఎన్విడియానే 72 చిప్పులు పట్టే బీరువాను 2024లో చూపించింది. అందులో చిప్పుల మధ్య 5,000కు పైగా రాగి తీగలు వాడారు. అక్కడ పాత తరహా కాంతి పెట్టెలు పెట్టి ఉంటే ఇంకో 20 కిలోవాట్లు అయ్యేదని వాళ్లే చెప్పారు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఆదా అయిన కరెంటు మన బోరు మోటర్లకు వస్తుందని నేను చెప్పడం లేదు. ఆదా అయినంత మేర ఇంకా పెద్ద యంత్రం కట్టుకోవచ్చు. సన్న గొట్టం పెట్టి నీళ్లు మిగిలించి, ఆ మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం వరి పెట్టినట్టు. చెరువు నిండుతుందా లేదా అన్నది గొట్టం చేతిలో లేదు, మనిషి చేతిలో ఉంది. కానీ యంత్రాలు ఎలాగూ వస్తున్నాయి. వచ్చేవి తక్కువ తాగేవి కావడం అందరికీ మేలు.

ఇప్పుడు మొదట వదిలిన ప్రశ్నకు వస్తాను. మనకేమిటి సంబంధం?

ఈ పని చేసేవాళ్లు ఎవరు? కంప్యూటర్ కోర్సు చదివినవాళ్లు మాత్రమే కాదు. వెలుతురు తెలిసిన ఫిజిక్స్ వాళ్లు, ఎలక్ట్రానిక్స్ వాళ్లు, పదార్థాల కెమిస్ట్రీ తెలిసినవాళ్లు, వేడి సంగతి చూసే మెకానికల్ వాళ్లు. ఫైబర్ జోడించే పనికి ఐటీఐ, డిప్లొమా పిల్లలు. దేశంలో దీని మీద ఐఐటీ మద్రాసులో ప్రత్యేక కేంద్రం ఉంది, బెంగళూరు ఐఐఎస్సీలో ప్రయోగశాలలు ఉన్నాయి. మన పిల్లలు సూర్యాపేటలో, నల్లగొండలో బీఎస్సీ ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ చదువుతున్నారు. అక్కడి నుంచి ఇక్కడికి దారి లేకపోలేదు. బీఎస్సీ తర్వాత ‘జామ్’ అనే పరీక్ష రాస్తే ఐఐటీలో ఎమ్మెస్సీ చేయవచ్చు. ‘గేట్’ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు ప్రభుత్వమే ఇస్తుంది. ఫెలోషిప్ పరీక్ష గెలిచి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000. అంటే ఒకసారి ఆ గడప దాటిన పిల్ల ఇంటికి భారం కాదు, ఇంటికే ఆసరా.

మరి ఎందుకు దాటడం లేదు? నేను చూసిన ఒక సంగతి చెప్తాను. కొన్నేళ్ల కిందట మా క్లాసులో ఒక అమ్మాయి. నాన్న అంగళ్లు తిరిగి గాజులు అమ్ముతారు. కాంతి పాఠం చెబుతుంటే అందరికన్నా ముందు ప్రశ్న ఆమెదే. డిగ్రీ తర్వాత దూరంగా ఒక పెద్ద సంస్థలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఫీజుకు మాఫీ ఉంది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. పదిహేను రోజుల తర్వాత నేను ఫోన్ చేస్తే వాళ్ల నాన్న ఎత్తారు. “సార్, ఫీజు లేదు నిజమే. హాస్టల్ డిపాజిట్ ముందే కట్టమన్నరు, మెస్ అడ్వాన్స్ కట్టమన్నరు. నేనూ పిల్లా పోయి రావాలె, రైలు టికెట్లు. అన్నీ కలిపితే నా దగ్గర లేవు సార్. అడగాలంటే ఎవరిని అడగాలో తెల్వలే. తారీకు దాటిపోయింది” అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమె ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠం చెబుతోంది. బాగానే చెబుతోంది, అల్ హమ్దులిల్లాహ్. కానీ ఆమె ఎక్కడ ఉండవలసిందో నాకు తెలుసు.

ఆమెకు చదువు ఖర్చు కాలేదు. ఆమె ఆగిపోయింది మోత ఖర్చు దగ్గర. రోడ్డు అంతా ఉంది, చివరి జానెడు లేదు. తప్పు నాదీ ఉంది. సీటు వచ్చిందని మిఠాయి తిన్నాను గానీ, “ఎట్లా పోతావమ్మా” అని అడగలేదు.

మన సొసైటీ ఏటా పుస్తకాలు ఇస్తోంది, ఫీజులు కడుతోంది, మెరిట్ పిల్లలకు బహుమతులు ఇస్తోంది. మంచి పని, అల్లాహ్ స్వీకరించుగాక. రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు 200కు పైగా వచ్చాయి, ఇంటర్ దాకా పిల్లలు ముందుకన్నా బాగా నిలబడుతున్నారు. కాబట్టి ఇప్పుడు అడ్డంకి ఉన్న చోటు మారింది. అడ్డంకి ఎక్కడ ఉంటే డబ్బు అక్కడ పెట్టాలి. దాతలను, కమిటీని నేను మూడు అడుగుతున్నాను.

ఒకటి. బడ్జెట్‌లో ‘మోత పద్దు’ అని ఒక పద్దు పెట్టండి. డిగ్రీ తర్వాత పై చదువుకు పోయే పిల్లలకు ప్రవేశ పరీక్ష దరఖాస్తు, పరీక్షా కేంద్రానికి పోయి వచ్చే చార్జీ, హాస్టల్ డిపాజిట్, మొదటి రెండు నెలల మెస్ ఖర్చు, అమ్మాయి అయితే తోడుగా పోయే ఒకరి టికెట్. జకాత్ నుంచి ఏది ఇవ్వవచ్చు, సదఖా, అతియాల నుంచి ఏది ఇవ్వాలి అన్నది ఇక్కడున్న ఉలమా చెప్పాలి. అందులో నేను నోరు పెట్టను. డిపాజిట్ అయితే చదువు ముగిశాక సంస్థ తిరిగి ఇస్తుంది, అది తిరిగి పద్దులోకే వస్తుంది, ఇంకో పిల్లకు పోతుంది.

రెండు. అడ్మిషన్ల కాలంలో వారం రోజుల్లో నిర్ణయం చేయండి. మూడు నెలలకొకసారి కమిటీ కూర్చుని దరఖాస్తు చూస్తానంటే, తడిసిన వడ్లకు తర్వాత వచ్చిన లారీ లాంటిది. ఇద్దరు ముగ్గురికి అధికారం ఇవ్వండి, రశీదు మాత్రం తప్పకుండా తీసుకోండి.

మూడు. ఇది డబ్బు కాదు. మన ఊరివాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, బెంగళూరు, మద్రాసులో ఉన్నారు, దుబాయి, సౌదీ, అమెరికాలో ఉన్నారు. పిల్ల రైలు దిగే ఊళ్లో స్టేషన్‌కు వచ్చి హాస్టల్ దాకా దిగబెట్టే ఒక్క మనిషి పేరు, ఫోన్ నంబరు సొసైటీ దగ్గర ఉండాలి. తండ్రికి ధైర్యం అక్కడి నుంచే వస్తుంది. సగం సీట్లు డబ్బు లేక కాదు, ఆ ధైర్యం లేక పోతున్నాయి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. అందరూ ఒకే కంప్యూటర్ కోర్సు అంటూ అప్పు చేసి పరుగెత్తకండి. మీ పిల్లకు ఫిజిక్స్ ఇష్టమైతే చదవనివ్వండి. “దాంట్లో ఉద్యోగం ఏముంది” అని అడిగేవాళ్లకు ఈ రోజు నేను చెప్పింది చెప్పండి. రేపటి కంప్యూటర్‌కు కావలసింది వెలుతురు తెలిసిన పిల్లలే.

పెద్ద పెద్ద ఇంజినీర్లు వేల కోట్లు పెట్టి తెలుసుకున్నది ఒకటే. లెక్క చేసే చోటును ఎంత గొప్పగా కట్టినా, అక్కడికి చేర్చే దారి బాగాలేకపోతే ఆ గొప్ప అంతా ఎదురుచూపులోనే కాలిపోతుంది. మన ఇళ్లలో బుర్రలకు కొదవ లేదు. దారిలో చివరి జానెడు వేయవలసినవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు.

ఇల్మ్ కోసం ఇంటి నుంచి బయలుదేరిన ప్రతి బిడ్డ ప్రయాణాన్ని అల్లాహ్ సులభం చేయుగాక. ఆ ప్రయాణానికి చేయూతనిచ్చినవారి సంపాదనలో బర్కత్ ఇచ్చుగాక. మీ ఇచ్చిన సొమ్మును మీ తర్వాత కూడా మీకు పుణ్యం చేర్చే సదఖా జారియాగా చేయుగాక. ఆమీన్.

వ ఆఖిరు దఅవానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్. అస్సలాము అలైకుం.